పైపులో నిలిచిన నీళ్లు ఊట నీళ్లు కావు

పరీక్ష కోసం భూగర్భ జలాల శాంపిల్ పట్టే పనిలోకి వచ్చిన కొత్తలో నల్గొండ జిల్లాలో ఒక పీజోమీటరు (భూగర్భ నీటిమట్టం చూడ్డానికి వేసిన బోరు) మూత తీసి, బైలర్‌ని, అంటే నీళ్లు పట్టే సన్నటి గొట్టాన్ని తాడుతో దింపి, మొదట వచ్చిన నీళ్లనే సీసాలో పట్టుకుని వచ్చేశాను. పది నిమిషాల పని. రిపోర్టు వచ్చాక చూస్తే కాస్త దూరంలో ఉన్న తాగునీటి బోరుకీ దీనికీ పొంతనే లేదు, ఫ్లోరైడ్ చాలా తక్కువ చూపించింది. అంతకు ముందు వారం పడిన వాన నీళ్లు కేసింగ్ పక్కనుంచి దిగి పైపులో నిలిచాయి, నేను పట్టింది వాటినే. తక్కువ ఉందని ఎవరైనా ఆ నీళ్లు తాగి ఉంటే అన్న ఆలోచన చాలా రోజులు వదల్లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి మొదట రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ల గురించే. ఇన్నేళ్లుగా ఈ బాధ పడుతున్న నేల మీద శాంపిల్ తప్పుగా పట్టడం చిన్న విషయం కాదు.

పీజోమీటరు నీళ్లని ఎవరూ వాడరు. మోటారు వేసేవాళ్లు ఉండరు కాబట్టి నీళ్లు నెలల తరబడి పైపులోనే ఉంటాయి. గాలి తగిలి, కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, ఇనుము ఎర్రటి మడ్డిగా అడుగుకి చేరుతుంది. అందుకే ముందు పాత నీళ్లు తోడేయాలి. పాత పద్ధతిలో బోరులో ఉన్న నీళ్లకి మూడు నుంచి ఐదు రెట్లు తోడతారు. 125 మిల్లీమీటర్ల బోరులో మీటరుకి సుమారు 12 లీటర్లు ఉంటాయి, అంటే 18 మీటర్ల నీళ్లుంటే 220 లీటర్లు, మూడు రెట్లంటే 660. మన గ్రానైట్ బండల్లో ఊట అంత ఉండదు, చాలా బోర్లు సగంలోనే ఎండిపోతాయి, మళ్లీ నీళ్లు ఊరేదాకా ఆగాల్సిందే. పైగా బలంగా తోడితే మట్టి లేస్తుంది, పైనున్న పగుళ్ల నీళ్లు కూడా వచ్చి కలుస్తాయి.

నాకు నచ్చేది నెమ్మదిగా తోడే పద్ధతి. నీళ్లు వచ్చే పగులు ఏ లోతులో ఉందో డ్రిల్లింగ్ రికార్డులో చూసి, చిన్న పంపుని అక్కడ పెట్టి, నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్లు మాత్రమే తీస్తూ, నీటిమట్టం పది సెంటీమీటర్ల కంటే ఎక్కువ దిగకుండా సౌండర్‌తో (నీటిమట్టం కొలిచే టేపు) చూస్తూ ఉండాలి. ప్రతి మూడు నుంచి ఐదు నిమిషాలకి రీడింగ్ రాయాలి. వరుసగా మూడుసార్లు పీహెచ్ 0.1 లోపు, ఈసీ (నీళ్ల విద్యుత్ వాహకత) 3 శాతం లోపు నిలిస్తే, కరిగిన ఆక్సిజన్, మడ్డితనం కూడా పదేసి శాతం లోపే ఉంటే అప్పుడు సీసా తీయాలి. ఒక్కోసారి గంట పడుతుంది, ఎండలో కూర్చోవడం కష్టమే, డ్రైవరు హారన్ కొడుతుంటాడు, అయినా కదలకూడదు. పైన చెప్పిన నల్గొండ బోరులోనే రెండోసారి ఇలా పట్టాను. ఫ్లోరైడ్ తాగునీటికి హద్దైన లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటింది.

సీసాల దగ్గర కూడా పని చెడుతుంది. ఫ్లోరైడ్‌కి ప్లాస్టిక్ సీసానే వాడాలి, గాజు వద్దు. లోహాలకైతే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో అక్కడే వడకట్టి, ఆ తర్వాతే నైట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్ 2 కిందికి తేవాలి. యాసిడ్ అసలు వేయకపోతే ఇనుము దారిలోనే సీసా గోడలకి అంటుకుని తక్కువ చూపిస్తుంది, వడకట్టకుండా వేస్తే మట్టిలోని ఇనుము కూడా కరిగి ఎక్కువ చూపిస్తుంది. ఫ్యాక్టరీల పక్కన సాల్వెంట్ల (త్వరగా ఆవిరైపోయే రసాయనాలు) కోసం పట్టేటప్పుడు మొదట వాటి చిన్న సీసాలే నింపాలి, మూత కింద ఒక్క గాలి బుడగ ఉన్నా మళ్లీ పట్టాలి. మంచి నీళ్లున్న బోరుతో మొదలుపెట్టి కలుషితమైన దాన్ని చివర్లో చేయండి, లేకపోతే పంపే ఆ మురికిని మోసుకెళ్తుంది.

ఇంకొకటి, పంపు ఏ లోతులో పెట్టారో, ఎంతసేపు తోడారో, రీడింగులు ఎక్కడ నిలిచాయో ఆ బోరు దగ్గరే కూర్చుని కాగితం మీద రాయండి, బండెక్కాక గుర్తు తెచ్చుకుని రాయొద్దు.