నోకియా 1100కు మళ్లీ 5 అంకె: నాలుగు ఆదివారాల పని

మొదటి ఆదివారం

బీరువా అడుగు అరలో పాత రసీదుల కింద నా మొదటి ఫోను దొరికింది. అది 2004లో వరంగల్‌లో ఇంజనీరింగు చదువుతున్న రోజుల్లో నాన్నగారు కొనిచ్చిన నోకియా 1100. దీన్ని అలంకారంగా అద్దాల అరలో పెట్టే ఉద్దేశం నాకు లేదు. సిమ్ వేసి, మాట్లాడి, సందేశం పంపగలిగే స్థితికి తేవాలన్నదే లక్ష్యంగా పెట్టుకుని, ఆదివారాలు మాత్రమే దీనికి కేటాయించాను.

వెనుక మూత తీయగానే బ్యాటరీ సంగతి అర్థమైంది. బీఎల్-5సీ బ్యాటరీని నున్నటి బల్ల మీద పడుకోబెట్టి వేలితో తిప్పితే కదలకుండా ఆగిపోవాలి. నాది బొంగరంలా తిరిగింది, అంటే మధ్యలో ఉబ్బిందన్నమాట. ఆ రోజుల్లో ప్రతి మొబైల్ దుకాణంలోనూ చేసిన ఈ పరీక్షకు మల్టీమీటరు కూడా అవసరం లేదు. ఉబ్బినదాన్ని ఛార్జింగు పెట్టి చూసే ప్రయోగం చేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇచ్చేశాను. చిన్న ఎఫ్ఎం రేడియోలలో ఇప్పటికీ ఇదే బ్యాటరీ వాడుతున్నారు కనుక కొత్తది దొరకడం కష్టం కాలేదు. అయితే ఈ ఫోనుతో మొదట వచ్చిన బ్యాటరీ సామర్థ్యం 850 ఎంఏహెచ్ మాత్రమే కాబట్టి, అదే పరిమాణంలో దానికి రెండు మూడు రెట్లు రాసి ఉన్న నకిలీలను నేను నమ్మలేదు. ఛార్జరు విషయంలో ఒక జాగ్రత్త అవసరం: దీనికి లావు పిన్నుది కావాలి, తరువాతి నోకియాల సన్న పిన్ను ఇందులో పనికిరాదు.

రెండవ ఆదివారం

తెర వెలిగింది, రెండు చేతులు కలిసే ఆ బొమ్మ వచ్చింది. సి మీటను నొక్కి పట్టుకుంటే నెత్తిన ఉన్న టార్చి కూడా వెలిగింది. కరెంటు పోయిన రాత్రుల్లో హాస్టల్ మెట్లు దిగడానికి మాలో చాలామందికి అదే ఆధారం.

సిమ్ దగ్గర కొంత ఆలస్యమైంది. ఇది 900, 1800 మెగాహెర్ట్జ్ జీఎస్ఎమ్ ఫోను, అంటే 2జీ సేవ ఉన్న సంస్థ సిమ్ మాత్రమే పనిచేస్తుంది; 4జీతోనే మొదలైన జియో సిమ్ వేస్తే ఎంతసేపైనా సిగ్నల్ రాదు. నానో సిమ్‌ను ప్లాస్టిక్ చట్రంలో పెట్టి వేయవచ్చు గానీ, తీసేటప్పుడు చట్రం అంచు లోపలి స్ప్రింగు పిన్నులకు తగులుకుని వాటిని వంచే ప్రమాదం ఉంది. అందుకే మూడు పరిమాణాలకూ గీతలు కొట్టి ఉన్న కొత్త కార్డు అడిగి తీసుకుని, దాన్ని పెద్ద పరిమాణం దగ్గరే విరిచి వేశాను. అర నిమిషంలో సిగ్నల్ గీతలు నిలబడ్డాయి.

అక్కకు ఫోను చేద్దామని నంబరు కొడుతుండగా అసలు లోపం బయటపడింది. 5 అంకె పడలేదు. ఎంత గట్టిగా నొక్కినా, గోటితో నొక్కినా ఫలితం లేదు, మిగిలిన మీటలన్నీ చక్కగా ఉన్నాయి.

ఈ ఒక్క మీటే ఎందుకు అరిగిందో ఆలోచిస్తే నాకు తోచిన కారణం ఇది. అప్పట్లో మేము తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసేవాళ్లం. ఆ అక్షరాల్లో జె, కె, ఎల్ మూడూ 5 మీద ఉంటాయి. మన బహువచనాల ‘లు’, విభక్తుల ‘కి’, ‘కు’, ‘లో’, ఇవన్నీ ఆ మీట మీద పడే దెబ్బలే. కె కావాలంటే రెండుసార్లు, ఎల్ కావాలంటే మూడుసార్లు నొక్కాలి. ఫోనులో పదాలను ఊహించే సదుపాయం ఉన్నా, దానికి తెలుగు తెలియదు కనుక అది చేసే ఊహలు నవ్వు తెప్పించేవే తప్ప ఉపయోగపడేవి కావు. ‘ఎక్కడున్నావు’ అని రాయడానికి మొత్తం 20 నొక్కులు పడతాయి. పైగా రెండు ‘కె’ల మధ్య, రెండు ‘ఎన్’ల మధ్య, చివరి ‘వి’, ‘యు’ల మధ్య తెర మీది కర్సర్ గీత ముందుకు జరిగేదాకా క్షణం ఆగాలి. ఆ ఆగడం బొటనవేలికి ఎంత అలవాటయిందంటే, తరగతిలో బల్ల కింద చూడకుండానే రాసేవాళ్లం; 5 మీద ఉండే చిన్న బొడిపె వేలికి దారి చూపేది.

మూడవ ఆదివారం

ముందు ప్యానెల్ ఊడదీస్తే రబ్బరు కీప్యాడు దానితోపాటే వచ్చింది. దాని కింద బోర్డుకు అంటించిన పలుచని డోమ్ షీటు ఉంటుంది. ఒక్కొక్క మీటకు ఒక్కొక్క లోహపు బుడిపె, నొక్కినప్పుడు అది అణగి బోర్డు మీది బంగారు పూత వలయాలను కలుపుతుంది. షీటు అంచును పట్టకారుతో ఎత్తేటప్పుడు తొందరపడ్డాను. 5 బుడిపె జిగురు వదిలి నేల మీద ఎక్కడో పడింది, చీపురుతో, అయస్కాంతంతో గంటసేపు వెతికినా దొరకలేదు. ఈ పని చేసేవారు కింద తెల్లటి పళ్లెం పెట్టుకోవడం మంచిది. ఆ తెలివి నాకు తరువాత వచ్చింది.

బోర్డు మీది వలయాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన చెవిపుల్లతో తుడిస్తే దూది నల్లబడింది. పెన్సిల్ రబ్బరుతో రుద్దమని కొందరు మెకానిక్కులు చెబుతారు, కానీ ఆ బంగారు పూత చాలా పలుచన కాబట్టి నేను ఆ జోలికి పోలేదు.

నాలుగవ ఆదివారం

హైదరాబాద్ ఎర్రగడ్డలో ఆదివారం సంతకు వెళ్లి, పాత సామాన్ల కుప్పలో ఇంకొక 1100ను బేరమాడి తెచ్చాను. తెర పగిలింది, బ్యాటరీ లేదు. నాకు కావలసింది బుడిపె మాత్రమే. విప్పి చూస్తే దాని 5 బుడిపె కూడా నడుము విరిగి చప్పబడి ఉంది! నా ఊహ నిజమని ఒక్క ఫోనుతో తేల్చలేను గానీ, దాని పాత యజమాని కూడా తెలుగువాడేనని ఆ క్షణంలో గట్టిగా అనిపించింది. చివరికి అందులో కొత్తదానిలా మెరుస్తున్న నక్షత్రం మీట బుడిపెను తీసి, నా 5 స్థానంలో మధ్యకు కూర్చి, చుట్టూ కాప్టన్ టేపు (వేడిని తట్టుకునే పలుచని టేపు) సన్నని ముక్కలు వేశాను. మొదటిసారి ఒక వెంట్రుక వాసి పక్కకు పోవడంతో ‘టక్’ అనే చప్పుడు రాలేదు, రెండవసారి సరిగ్గా కూర్చుంది.

పరీక్షకు పాత పద్ధతే ఎంచుకున్నాను. నేను ఖమ్మం ఇంటికి కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లేటప్పుడు సిగ్నల్ స్టేషన్ల దగ్గర తప్ప నిలిచేది కాదు. మహబూబాబాద్ రాగానే అక్క దగ్గరి నుంచి ఎక్కడున్నానని సందేశం వచ్చేది. కాల్ ఖర్చు మిగల్చడానికి మా ఇంట్లో ఒక ఒప్పందం ఉండేది: ఒక్క రింగు అంటే చేరాను, రెండు రింగులంటే నువ్వే తిరిగి ఫోను చెయ్యి.

ఈసారి నేనే అక్కకు ‘ఎక్కడున్నావు’ అని పంపాను. 20 నొక్కులూ పడ్డాయి. జవాబు వెంటనే వచ్చింది గానీ, ఆమె తన కొత్త ఫోనులో తెలుగు లిపిలో రాసింది. 2003 నాటి ఈ నమూనాకు ఆ లిపి తెలియదు, తెర నిండా ఖాళీ డబ్బాలే కనిపించాయి. ఒప్పందం గుర్తుంటుందని ఆశపడి రెండు రింగులిచ్చి పెట్టేశాను. నిమిషం తరువాత ఇంకొక వరుస డబ్బాలు వచ్చాయి.