పీటల మీద నా బదులు తమ్ముడు

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం ఊళ్లలో పెళ్లి కుదిరితే పంతులుగారి దగ్గరికి వెళ్లేముందు గల్ఫ్‌కి ఫోన్ చేస్తారు. "నీకు లీవు ఎప్పుడు?" అని అడిగి, ఆ తర్వాతే పంచాంగం తీయిస్తారు. సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం వైపు ఏ వీధికి వెళ్లినా ఒక వెల్డరో ఫిట్టరో రిగ్గరో ఉంటాడు. మా పెద్దమ్మాయి విషయంలో రెండు లీవులు కుదరాల్సి వచ్చింది. పెళ్లికొడుకు ఆర్మీలో జవాను. మా జిల్లాలో అదీ మామూలే, గల్ఫ్‌కి వెళ్లనివాళ్లు మిలిటరీకి వెళ్తారు.

మాఘమాసంలో ముహూర్తం పెట్టారు. నాకు లీవు మంజూరైంది. ఆ తర్వాత షట్‌డౌన్ తేదీ జరిగి సరిగ్గా పెళ్లి వారం మీద పడింది. నేను అబుదాబికి పడమరగా ఉన్న రువైస్‌లో ఆర్గాన్ వెల్డర్‌ని. రిఫైనరీలో ఒక యూనిట్ మొత్తం ఆపేసి పైపులు, వాల్వులు విప్పి బాగుచేయడాన్ని షట్‌డౌన్ అంటారు. యూనిట్ ఎన్నాళ్లు ఆగితే అంత నష్టం కాబట్టి పగలూ రాత్రీ రెండు షిఫ్టుల్లో పని నడుస్తుంది. ఆ రోజుల్లో వెల్డర్‌కి లీవు అడిగితే దొరకదు. మంజూరైన లీవు కూడా వెనక్కి తీసుకుంటారు. నాకు జరిగింది అదే. ఆఫీసులో పెళ్లి కార్డు చూపించాను, బతిమాలాను. ముహూర్తం మారుద్దామంటే అల్లుడి సెలవు అయిపోతుంది. ఉద్యోగం మానేసి వచ్చేస్తానన్నాను. మా ఆవిడే వద్దంది. "వచ్చి నిలబడతారు సరే, పెళ్లి అప్పు ఎవరు తీరుస్తారు?" అంది. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు.

ఆ అప్పు సంగతి కూడా చెప్పాలి. మాకు కొబ్బరితోట, కాస్త జీడితోట ఉండేవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారికి ఆ రెండూ నేలమీద ఉన్నాయి. వరి పోతే మళ్లీ ఏడు పండుతుంది. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఐదారేళ్లు తక్కువ పట్టదు. ఇక గల్ఫ్ వద్దు, ఊళ్లోనే ఉందామనుకున్నవాణ్ని మళ్లీ పాస్‌పోర్టు బయటికి తీశాను. పిల్ల చదువూ పెళ్లీ రెండూ ఈ దిర్హమ్‌లతోనే అయ్యాయి. పెళ్లికి డబ్బు పంపాలంటే ఇక్కడ ఉండాలి, పెళ్లి చూడాలంటే అక్కడ ఉండాలి. నాలాంటి వాళ్లందరికీ ఉన్న ఇబ్బంది ఇదే.

పెళ్లికి ముందు రోజు మా మేనల్లుడు ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించాడు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ రావు కాబట్టి మా ఊళ్లో పెద్దవాళ్ల ఫోన్లలో కూడా బోటిమ్ అనే కాలింగ్ యాప్ ఉంటుంది. నేను వాణ్ని అడిగింది ఒక్కటే, స్టేజీ వద్దు, పెరడు చూపించరా అని. పెద్ద గాడిపొయ్యి మీద గుండిగలు, చేతికి నూనె రాసుకుని పనసకాయలు కోస్తున్న ఆడవాళ్లు, జీడిపప్పు బద్దలు చేస్తున్న మా అమ్మ కనిపించారు. పనసకాయ జీడిపప్పు కూర లేకుండా మావైపు పెళ్లి భోజనం ఉండదు. "మావయ్యా, పందిరి ఆకులు ఎక్కడివో తెలుసా? తుపాను తర్వాత నువ్వు వేసిన చెట్లవే" అన్నాడు. ఆ చెట్లని నేను నడుమెత్తు మొక్కలుగానే వదిలి వచ్చాను. వాటి మట్టలు పందిరికి ఎక్కాయంటే నమ్మబుద్ధి కాలేదు. పైకి చూపించమని మళ్లీ మళ్లీ అడిగాను. ఫొటోగ్రాఫర్ల లైవ్‌లో ఇవేవీ రావు.

ముహూర్తం రాత్రి 12 గంటల 38 నిమిషాలకు, అంటే మాకు 11 గంటల 8 నిమిషాలు. నాది నైట్ షిఫ్టు. ప్లాంటు గేటు లోపలికి మామూలు ఫోన్ తీసుకెళ్లనివ్వరు, గ్యాస్ ఉండే చోటు కదా. నాతో పనిచేసే కవిటి కుర్రాడొకడు ఫోర్‌మన్‌తో మాట్లాడి ఆ రాత్రి నా షిఫ్టు తీసుకున్నాడు. "నీ పని నాను చేస్తాను గానీ, నువ్వు పిల్ల పెళ్లి చూసుకో అన్నా" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేను. క్యాంపులో రూమ్‌మేట్లు టీవీలో యూట్యూబ్ లైవ్ పెట్టారు. బరంపురం నుంచి వచ్చిన ఒడియా కుర్రాడు సేమ్యా పాయసం వండాడు. బియ్యానికి పసుపు కలిపి అక్షింతలు చేసుకున్నాం.

లైవ్ కొంచెం ఆలస్యంగా వస్తుంది. మేనల్లుడి ఫోన్ కూడా పక్కనే ఆన్‌లో ఉంది. టీవీలో ఇంకా జీలకర్ర బెల్లం చేతిలో పట్టుకుని కూర్చున్నారు, ఫోన్‌లో గట్టిమేళం మోగిపోయింది. ఏది నమ్మాలో తెలియక అందరూ నావైపు చూశారు. నేను చప్పుడునే నమ్మాను. అక్షింతలు తీసి టీవీ మీద, అంటే మా పిల్ల మీద వేశాను. మెడలో తాళి పడడం ఆ తర్వాత కనిపించింది. అప్పుడు మళ్లీ వేశాం.

కన్యాదానం మాత్రం చూడలేకపోయాను. చూడలేకపోవడం అంటే సిగ్నల్ పోయి కాదు. పీటల మీద మా తమ్ముడూ మరదలూ కూర్చున్నారు. మరదలు నీళ్లు పోస్తుంటే తమ్ముడు అల్లుడి కాళ్లు కడిగాడు. వాడు నాకంటే శ్రద్ధగా చేశాడు, వాణ్ని ఒక్క మాట అనను. కానీ పిల్లని తొమ్మిది నెలలు మోసి, నేను లేని ఇన్నేళ్లూ ఒంటిచేత్తో పెంచి, పెళ్లి పనులన్నీ నెత్తిన వేసుకున్న మా ఆవిడ స్తంభం పక్కన నిలబడి ఉంది. భర్త పక్కన లేడు కాబట్టి పీటల మీద కూర్చోకూడదట. నేను లేకపోవడం నా తప్పో కంపెనీ తప్పో ఏదైనా అనుకోండి, దానికి ఆవిడ ఎందుకు పక్కకి జరగాలి? మా ఊళ్లలో ఇలా స్తంభం పక్కన నిలబడిన తల్లులు చాలామంది ఉన్నారు. ఇన్నాళ్లూ నేను వాళ్లని గమనించలేదు. దంపతులే చేయాలన్న శాస్త్రం తెలియనివాణ్ని కాను. భర్త ఆర్మీలోనో ఓడలోనో గల్ఫ్‌లోనో ఉన్న ఇల్లాలు కూడా దంపతుల్లో సగమే కదా, మిగతా సగం డబ్బు పంపి, టీవీ ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు కదా అని నా వాదన.

ఈ మాట ఇంట్లో చెప్పాను. మా అమ్మ మొదట ఒప్పుకోలేదు, లోకులు ఏమంటారు అంది. తమ్ముడు మాత్రం, "చిన్నదాని పెళ్లికి వదినే కూర్చుంటాది, నాను పక్కన నిలబడి చెంబు అందిస్తాను" అన్నాడు. చిన్నమ్మాయి ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. పంతులుగారితో మాట్లాడడానికి ఇంకా టైముంది. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆయన్ని నేనే స్వయంగా కలుస్తాను.