డెలె బి2: స్పానిష్ క్రియల్ని తెలుగు మీదుగా నేర్చుకున్న అనుభవం

స్పానిష్ భాషా పరీక్ష డెలెలో బి2 స్థాయికి చదువుతున్న మిత్రులందరికీ నమస్కారం. నేను పాసయ్యానని తెలిశాక మా జూనియర్లు ఎక్కువగా అడుగుతున్నది ఒకటే. "అక్కా, ఇన్ని టెన్సులు, ఒక్కో టెన్సుకి ఆరేసి రూపాలు, ఎలా గుర్తుపెట్టుకున్నావు?" నేను చెప్పేదీ ఒకటే: ఇంగ్లిష్ మీదుగా వెళ్ళకండి. మన తెలుగు క్రియ స్పానిష్ క్రియకు చాలా దగ్గర. క్లాసులో పాఠం ఇంగ్లిష్‌లో జరుగుతుంది కాబట్టి ఆ దగ్గరితనం మనకు కనిపించదు, అంతే.

కొత్తవాళ్ళ కోసం పరీక్ష గురించి రెండు ముక్కలు. డెలె సర్టిఫికెట్‌ను స్పెయిన్ విద్యాశాఖ తరఫున ఇన్‌స్టితూతొ సెర్వాంతెస్ (స్పానిష్ భాషను ప్రపంచమంతా నేర్పే ఆ దేశపు సంస్థ) ఇస్తుంది. దానికి గడువు లేదు, ఒకసారి వస్తే వచ్చినట్టే. బి2లో రీడింగ్ 70 నిమిషాలు, లిజనింగ్ 40, రైటింగ్ 80, స్పీకింగ్ 20. స్పీకింగ్‌కి ముందు ప్రిపేర్ అవడానికి ఇంకో 20 నిమిషాలిస్తారు. రీడింగ్, రైటింగ్ కలిపి ఒక గ్రూపు. లిజనింగ్, స్పీకింగ్ కలిపి రెండోది. ఒక్కో గ్రూపులో 50కి కనీసం 30 రావాలి. ఒకదాంట్లో ఎక్కువ వచ్చినా రెండోదాంట్లో తగ్గినదాన్ని అది పూడ్చదు. క్రియారూపాలు మాత్రం నాలుగు భాగాల్లోనూ కావాలి. అందుకే నా ప్రిపరేషన్‌లో సింహభాగం వాటికే ఇచ్చాను.

"రేపు వస్తావా?" అని అడుగుతాం. 'నువ్వు' అనే మాట పెట్టక్కర్లేదు, 'వస్తావా'లోనే ఆ మనిషి ఉన్నాడు. స్పానిష్‌లోనూ అంతే. అబ్లార్ అంటే మాట్లాడటం. ఆబ్లొ (మాట్లాడతాను), ఆబ్లస్ (మాట్లాడతావు), ఆబ్ల (మాట్లాడతాడు, మాట్లాడుతుంది), అబ్లామొస్, అబ్లాయిస్, ఆబ్లన్. ఇంగ్లిష్‌కి అలవాటు పడి ప్రతి వాక్యం ముందూ 'యో' (నేను) తగిలిస్తే, ప్రతిసారీ "నేనే, నేనే" అని నొక్కి చెప్తున్నట్టు వినిపిస్తుంది. తెలుగులో ఆలోచిస్తే ఆ ఇబ్బంది రాదు. పైగా మనకున్న కొన్ని తేడాలు వాళ్ళకు లేవు. వచ్చాడన్నా, వచ్చిందన్నా 'బీనొ' ఒక్కటే. మేము, మనం అనే తేడా కూడా లేదు. గౌరవంగా 'మీరు' అనాలంటే 'ఉస్తేద్' అంటారు, దానికి క్రియ అతడు, ఆమె రూపంలోనే వస్తుంది. రైటింగ్‌లో ఫార్మల్ లెటర్ రాసేటప్పుడు ఇది మరిచిపోకండి.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ సాయం చేసింది తెలుగు లిపి. పైన నేను 'ఆబ్లొ' అని రాసిన తీరు గమనించారా? స్పానిష్‌లో ప్రతి మాటలో ఒక అక్షరం మీద ఒత్తి పలుకుతారు. ఆ ఒత్తు మారితే టెన్సే మారిపోతుంది. నా నోట్సులో ఒత్తు పడే అచ్చుకు దీర్ఘం పెట్టి, మిగతావన్నీ హ్రస్వాలుగా రాసుకున్నాను. 'ఆబ్లొ' అంటే మాట్లాడతాను, 'అబ్లో' అంటే మాట్లాడాడు. 'అబ్లే' అంటే మాట్లాడాను, 'ఆబ్లె' అంటే అదే క్రియకు సబ్‌జంక్టివ్ (కోరిక, ఆజ్ఞ, ఇంకా జరగనిది చెప్పేటప్పుడు వాడే రూపం). స్పానిష్ స్పెల్లింగ్‌లో ఈ తేడా అచ్చు మీద చిన్న గీతతో తేలిపోతుంది, కళ్ళు దాన్ని దాటేసి వెళ్ళిపోతాయి. తెలుగులో రాస్తే పొరపాటుకు తావుండదు, ఎందుకంటే మనకు ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. లిజనింగ్‌లో ఈ చెవి చాలా పనికొస్తుంది. 'కెరీయ' అంటే కోరుకునేవాణ్ణి, 'కెర్రీయ' అంటే కోరుకుందును. మరి, మర్రి తేడా పుట్టుకతో తెలిసిన మనకు ఇది కష్టమే కాదు.

ఈ దీర్ఘాలు పెట్టుకోవడం వల్ల ఇంకో చిక్కు కూడా విడిపోయింది. పెన్సార్ (ఆలోచించడం) ప్రెజెంట్‌లో పియేన్సొ అవుతుంది, కానీ 'మేము' దగ్గరికొచ్చేసరికి పెన్సామొస్. దొర్మీర్ (నిద్రపోవడం) ద్వేర్మొ అవుతుంది, కానీ దొర్మీమొస్. పుస్తకాల్లో దీనికి బూటు బొమ్మ గీసి, బూటు లోపలివి మారతాయి, బయటివి మారవు అని చెప్తారు. కారణం మాత్రం ఒత్తే. ఇలాంటి క్రియల్లో ధాతువు మీద ఒత్తు పడితే అచ్చు విరుగుతుంది, ఒత్తు ప్రత్యయం మీదికి జరిగితే విరగదు. దీర్ఘం ఎక్కడుందో చూసుకుంటే చాలు, బొమ్మతో పని లేదు. అలాగే తూబె, తూబొ, ఈసొ లాంటి మొండి ప్రిటెరిట్ (జరిగి ముగిసినదాన్ని చెప్పే భూతకాలం) రూపాల్లో దీర్ఘం మొదట్లో ఉంటుంది. అబ్లే, అబ్లో లాంటి మామూలు వాటిలో చివర ఉంటుంది. రెండు రకాలనూ నాలుగైదుసార్లు పైకి చదివితే నాలుకకే తెలిసిపోతుంది.

పెద్ద టేబుళ్ళు గోడకు అంటించుకునే పద్ధతి నేను పెట్టుకోలేదు. ప్రతి క్రియకూ ఒకే లైను రాసుకున్నాను, అందులో ఐదు రూపాలు: అసలు రూపం, ప్రెజెంట్‌లో 'నేను', ప్రిటెరిట్‌లో 'వాళ్ళు', ఫ్యూచర్‌లో 'నేను', పార్టిసిపల్ ('చేసిన' లాంటి రూపం). ఉదాహరణకు:

తెనేర్, తేంగొ, తుబియేరొన్, తెంద్రే, తెనీదొ
దెసీర్, దీగొ, దిహేరొన్, దిరే, దీచొ

ఈ ఐదూ వస్తే మిగతావి చాలావరకు వాటంతటవే వస్తాయి. తేంగొ నుంచి ప్రెజెంట్ సబ్‌జంక్టివ్ తేంగ, దీగొ నుంచి దీగ. దీనికి లొంగనివి ఆరే: సేర్, ఎస్తార్, ఈర్, అబేర్, సబేర్, దార్. తుబియేరొన్‌లో చివరి 'రొన్' తీసి 'ర' పెడితే ఇంపర్‌ఫెక్ట్ సబ్‌జంక్టివ్ తుబియేర, దిహేరొన్ నుంచి దిహేర. దీనికి ఒక్క మినహాయింపు కూడా లేదు. అందరూ భయపడే టెన్సుకి అసలు మినహాయింపులే లేవన్నమాట! ఇక తెంద్రే నుంచి కండిషనల్ ('డబ్బుంటే కొనేదాన్ని' లాంటి రూపం) తెంద్రీయ. ఫ్యూచర్‌లో ధాతువు మారే క్రియలు పన్నెండే, కండిషనల్‌లోనూ మారేవి అవే. పార్టిసిపల్ వస్తే పర్ఫెక్ట్ టెన్సులన్నీ వచ్చినట్టే. ఎక్కడైనా అనుమానం వస్తే రియల్ అకాదెమియ ఎస్పన్యోల (స్పెయిన్ భాషా అకాడెమీ) వాళ్ళ ఆన్‌లైన్ నిఘంటువులో ప్రతి క్రియకూ పూర్తి పట్టిక ఉచితంగా దొరుకుతుంది.

అసలు కష్టం రూపాల దగ్గర కాదు, ఏ చోట ఏది వాడాలన్న దగ్గర వస్తుంది. ముఖ్యంగా ప్రిటెరిట్, ఇంపర్‌ఫెక్ట్. రీడింగ్ నాలుగో టాస్క్‌లో 14 ఖాళీలుంటాయి, ఒక్కోదానికి మూడు ఆప్షన్లు. అందులో ఈ జంట మిమ్మల్ని పలకరించక మానదు. ఇంగ్లిష్‌లో ఆలోచిస్తే రెండిటికీ చాలాసార్లు ఒకటే పాస్ట్ టెన్స్. తెలుగులో చూడండి. "చిన్నప్పుడు ప్రతి వేసవికీ అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళేవాళ్ళం" అంటే ఇంపర్‌ఫెక్ట్, ఈబమొస్. "పోయిన వేసవిలో వెళ్ళాం" అంటే ప్రిటెరిట్, ఫ్వీమొస్. "ఇంటికి వెళ్తుంటే వాన మొదలైంది" అంటే వెళ్తుండటం ఇంపర్‌ఫెక్ట్, వాన మొదలవడం ప్రిటెరిట్. ఇంకా బాగుండేది 'సబేర్'. "నాకు అప్పటికే తెలుసు" అంటే సబీయ, "నాకు అప్పుడే తెలిసింది" అంటే సూపె. 'కొనొసేర్' కూడా అంతే: ఆయనతో పరిచయం ఉందంటే కొనొసీయ, పరిచయమైందంటే కొనొసీ. ఇంగ్లిష్ పుస్తకాలు దీనికి ప్రత్యేకంగా ఒక పాఠం పెడతాయి. మనం ఆ తేడా రోజూ మాటల్లో పాటిస్తూనే ఉన్నాం.

తెలుగు చెయ్యి వదిలేసే చోట్లు కూడా ఉన్నాయి, అక్కడ జాగ్రత్తపడాలి. మొదటిది, 'వెళ్ళేవాణ్ణి, కొనేదాన్ని' లాంటి రూపం. అలవాటుకీ అదే వాడతాం, "డబ్బుంటే కొనేదాన్ని" అని జరగనిదానికీ అదే వాడతాం. స్పానిష్‌లో అవి రెండూ వేరు. ప్రతి ఏడూ ప్రయాణం చేసేదాన్ని అంటే బియహాబ. డబ్బుంటే ప్రయాణం చేసేదాన్ని అంటే "సి తుబియేర దినేరొ, బియహరీయ". వాక్యంలో 'ఉంటే' ఉందా లేదా అని ముందు చూసుకోండి. రెండోది, 'వచ్చినప్పుడు'. "వచ్చినప్పుడు ఫోన్ చేశాను", "వచ్చినప్పుడు ఫోన్ చేస్తాను" అంటాం, మొదటి సగంలో ఏ తేడా లేదు. స్పానిష్‌లో జరిగిపోయినదైతే "క్వాందొ యెగే, తె యమే". ఇంకా జరగనిదైతే సబ్‌జంక్టివ్: "క్వాందొ యేగె, తె యమరే". వినేటప్పుడు తేడా అంతా ఆ దీర్ఘం ఎక్కడుందన్న దాంట్లోనే. ఈ వాక్యం మీద నేను చాలా సాధన చేశాను, మీరూ చేయండి.

సబ్‌జంక్టివ్ గురించి టెన్షన్ పడేవాళ్ళకి ఒక మాట. "నువ్వు రావాలని కోరుకుంటున్నాను" అన్నప్పుడు మనం 'వస్తావు' అనం, 'రావాలని' అంటాం. కోరిక, ఆజ్ఞ, అభ్యర్థన ఉన్నచోట క్రియ రూపం మారడం మనకు కొత్త కాదు. ఫార్మల్ లెటర్ కోసం ఒక వాక్యం మాత్రం కంఠతా పట్టండి: "లె అగ్రదెసెరీయ కె మె ఎన్బియార". మీరు నాకు పంపితే కృతజ్ఞుణ్ణి అని అర్థం. కండిషనల్, ఇంపర్‌ఫెక్ట్ సబ్‌జంక్టివ్ రెండూ ఒకే వాక్యంలో సరైన చోట పడతాయి. పంపడం బదులు వేరే క్రియ పెట్టుకుంటే ఏ లెటర్‌కైనా సరిపోతుంది.

స్పీకింగ్ రెండో టాస్క్‌లో ఒక ఫోటో ఇచ్చి, అక్కడ ఏం జరుగుతోందో ఊహించి చెప్పమంటారు. చాలామంది ప్రతి వాక్యానికీ "నేననుకోవడం" అని మొదలుపెట్టి అలసిపోతారు. "వాడు ఈపాటికి ఇంట్లో ఉంటాడు" అని మనం ఎలా అంటామో, వాళ్ళూ ఫ్యూచర్‌తో అలాగే ఊహిస్తారు: "ఎస్తరా ఎన్ కాస". "వెళ్ళిపోయి ఉంటాడు" అనాలంటే "సె అబ్రా ఈదొ". ఫోటోలో ఇద్దరు గొడవ పడుతున్నట్టుంటే "ఎస్తరాన్ దిస్కుతియేందొ". ఇంట్లో ఉన్న పాత ఆల్బమ్ తీసి ఒక్కో ఫోటో చూస్తూ పైకి చెప్పడం, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినడం నాకు బాగా పనిచేసింది.

లిజనింగ్‌లో వేర్వేరు దేశాల యాస వస్తుంది. స్పెయిన్‌లో ఈ రోజు పొద్దున జరిగినదానికి పర్ఫెక్ట్ వాడతారు, లాటిన్ అమెరికాలో చాలాచోట్ల దానికీ ప్రిటెరిటే. అర్జెంటీనాలో 'తియేనెస్' బదులు 'తెనేస్' వినిపిస్తుంది. 'అబ్లాయిస్' లాంటి రూపాలు లాటిన్ అమెరికాలో వాడరు, కానీ స్పెయిన్ ఆడియోలో వస్తాయి కాబట్టి గుర్తుపట్టగలిగితే చాలు. రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు ఏదో ఒక దేశపు పద్ధతి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి.

రైటింగ్‌లో చివరి పది నిమిషాలు క్రియల కోసమే దాచుకోండి. కొత్త వాక్యాలు రాయొద్దు. ప్రతి క్రియ కిందా పెన్సిల్ జరుపుతూ వెళ్ళి, అచ్చు మీద గీత పడిందా, కర్తకు తగ్గ ప్రత్యయం ఉందా, 'క్వాందొ' తర్వాత ఏం రాశాను అని మూడే చూడండి. బుస్కే, యెగే లాంటివి పలకడంలో మామూలుగానే ఉంటాయి, స్పెల్లింగ్‌లో మాత్రం అక్షరం మారుతుంది: బుస్కేలో సి పోయి క్యూ, యు వస్తాయి, యెగేలో జి పక్కన యు చేరుతుంది. తెలుగు లిపిలో నోట్సు రాసుకునేవాళ్ళు ఇలాంటి క్రియల్ని స్పానిష్ అక్షరాల్లోనే వేరే పేజీలో రాసి పెట్టుకోండి, పరీక్ష ముందు రోజు ఆ ఒక్క పేజీ చూసుకోవచ్చు.