ఎనిమిదో గుండు

మన ఇంజనీరింగ్ బ్యాచ్ పాత విద్యార్థుల సమావేశానికి తెస్తున్న సంచిక కమిటీ నుంచి మూడోసారి ఫోను వచ్చాక ఇక రాయక తప్పలేదు. "రెండు పేజీలు చాలు. క్యాంటీన్ గురించి మాత్రం వద్దు, ఇప్పటికే ఆరుగురు రాశారు" అన్నాడు సున్నా నాలుగు. రోల్ నంబర్లు పోయి ఇన్నేళ్లయినా వాడి పెత్తనం పోలేదు.

మొదటి రెండేళ్ల గురించి నన్నడిగి లాభం లేదు. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ రెండుసార్లు రాశానన్నది తప్ప ఏమీ మిగల్లేదు. నాకు గుర్తున్నదల్లా 1992-93, వర్క్‌షాపు వెనకాల రేకుల షెడ్డు, అందులో మన ప్రాజెక్టు సుత్తి యంత్రం, దాని పక్కన నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ జీరో ఎర్రర్ మాస్టారు.

ఆ ఏడాది విశాఖలో ఎక్కడ విన్నా ఉక్కు మాటే. ఆగస్టు 1న ప్రధాని పీవీ నరసింహారావు వచ్చి స్టీల్‌ప్లాంటును జాతికి అంకితం చేశారు. "నదుల పేర్లు తెచ్చి గోదావరి, కృష్ణ అని కొలుములకు పెట్టుకున్న ఊరు మనది. ఇక్కడ చదువుతూ నీళ్ల పంపు ప్రాజెక్టా?" అని మనం కేరేజీ అని పిలిచే మిత్రుడు గర్జించాడు. పంపు అప్పటికే పక్క బ్యాచ్ తన్నుకుపోయిందన్న సంగతి మాత్రం చెప్పలేదు.

సంచికను సివిల్ వాళ్లు కూడా చదువుతారట కాబట్టి యంత్రం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నత్తగుల్ల ఆకారంలో ఒక క్యామ్. అది తిరుగుతూ మీటను మెల్లగా పైకెత్తుతుంది. గుల్ల అంచు దాటగానే పట్టు వదిలేస్తుంది. మీట చివరనున్న సమ్మెట దాగలి మీద పడుతుంది. కాగితం మీద ఇంతే. ఆ గుల్లను ఆటోనగర్‌లో 20 మిల్లీమీటర్ల ప్లేటులోంచి కోయించి, వంతులవారీగా ఆకురాయి పట్టి నునుపు చేసేసరికి అందరి అరచేతులూ బొబ్బలెక్కాయి. సిరిపురం దొర మాత్రం తన వంతు వచ్చినప్పుడల్లా గ్రాఫు కాగితం కొనడానికి వెళ్లేవాడు.

మోటారు నిమిషానికి 1440 చుట్లది. మూడంగుళాల పుల్లీ నుంచి పన్నెండంగుళాల పుల్లీకి బెల్టు వేసి, నిమిషానికి 360 దెబ్బలని గొప్పగా లెక్కగట్టాం. స్విచ్ వేస్తే ఒక్క దెబ్బా సరిగ్గా పడలేదు. సమ్మెట గాలిలోనే గజగజలాడింది.

మాస్టారు తిట్టలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి జానెడు ఎత్తు నుంచి వదిలారు. అది బల్లను తాకేలోపే కింద అరచెయ్యి అడ్డం పెట్టి మళ్లీ పైకెత్తారు. మళ్లీ వదిలారు, మళ్లీ ఎత్తారు. "దాన్ని పడనివ్వరేమిటయ్యా?" అన్నారు. అంతే, వెళ్లిపోయారు.

ఆ రాత్రి లెక్క వేశాం. పది సెంటీమీటర్లు పడటానికి సమ్మెటకు సెకనులో ఏడో వంతు కావాలి. మన క్యామ్ ఆరో వంతులోనే చుట్టంతా తిరిగి వచ్చేస్తోంది, పట్టు వదిలిన మరుక్షణం నుంచే మళ్లీ పైకి లేస్తోంది. అది కింద పడేలోపే మళ్లీ ఎత్తేస్తున్నామన్నమాట! ఇంకో షాఫ్టు వేసి, మూడంగుళాల పుల్లీకి తొమ్మిదంగుళాల పుల్లీ జోడించి 120కి దించాం. మర్నాడు ఎర్రగా కాల్చిన కడ్డీ దాగలి మీద అప్పడంలా పరుచుకుంది. ఆ చప్పుడుకు ప్రిన్సిపాల్ గారి గదిలో గాజు పలక పగిలిందన్నది పొడుగు చేసిన కల్పన. నమ్మకండి.

ఇక పరీక్ష రోజు. షెడ్డులోంచి యంత్రాన్ని హాల్లోకి మోసుకెళ్లి కనెక్షన్ ఇచ్చాం. మూడు ఫేజుల మోటారుకు ఏ రెండు తీగలు తారుమారైనా వెనక్కి తిరుగుతుంది. తిరిగింది. నత్తగుల్ల నిటారు అంచు ఎదురొచ్చి మీటను గుద్దింది. బెల్టు జారి పొగలు కక్కింది. 6203 నంబరు బేరింగు పగిలి, లోపలి గుండ్లు ఎగ్జామినర్ గారి కుర్చీ కిందికి దొర్లాయి. ఎనిమిదిలో ఏడు దొరికాయి.

మాస్టారు మాట్లాడకుండా స్విచ్ ఆపి, రెండు తీగలు మార్చి, జేబులోంచి కొత్త బేరింగు తీశారు. అది ఆయన జేబులో ముందే ఎందుకుందో నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. తర్వాత పుల్లీ మీద సుద్దతో బాణం గుర్తు గీశారు.

నేరమంతా ఎలక్ట్రికల్ బ్రాంచి మీదికి తోశాం కదా, దాని గురించి ఒక మాట. ఆ తీగలు బిగించింది నేనే. ఎలక్ట్రికల్ మిత్రులు ఈ పేజీ చింపి దాచుకోవచ్చు.

ఇప్పుడు ఆటోనగర్‌లో నాకో చిన్న ఫోర్జింగ్ షెడ్డు, అంటే ఇనుము కాల్చి సాగగొట్టే షెడ్డు ఉంది. పద్నాలుగు మంది పనివాళ్లు, గాలి ఒత్తిడితో కొట్టే 150 కిలోల న్యూమాటిక్ సుత్తి ఒకటి. చేపల రేవు మరబోట్లకు లంగర్లు, గొలుసు కొక్కేలు చేస్తాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా పైకప్పు రేకుల్ని ఎటు తీసుకెళ్లిందో తెలియదు. కొన్నాళ్లకు కరెంటు వచ్చిందని కుర్రాళ్లు ఎగిరి గంతేస్తే, ముందు బెల్టులన్నీ ఊడదీయించాను. తెగిన తీగలు కలిపినప్పుడు ఫేజులు తారుమారవుతుంటాయి. మోటారు ఒక్కదాన్నే తిప్పి చూశాం. బాణానికి ఎదురుగా తిరిగింది! "సార్‌కు ముందే ఎలా తెలిసింది?" అని కుర్రాళ్లు గుసగుసలాడుకున్నారు. నేను సమాధానం చెప్పలేదు. జేబులో సుద్దముక్క ఉన్నవాడిలా కాస్త బిగుసుకుని నిలబడ్డాను.

సమావేశం మర్నాడు అందరూ షెడ్డుకు రండి, భోజనం నాది. స్విచ్ జోలికి కేరేజీని రానివ్వను. ఆ ఎనిమిదో గుండు ఎవరి దగ్గరుందో వాళ్లు వెంట తెచ్చుకోండి.