కాటి సీను పద్యాలు ఎవరివి?

ఈసారి తిరనాళ్లకి మా ఊళ్లో సత్య హరిశ్చంద్ర నాటకం వేస్తున్నాం. నాది నక్షత్రకుడి వేషం. అప్పు వసూలు కోసం హరిశ్చంద్రుడి వెంటపడి సతాయించడమే నా పని. నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారే ఒకప్పుడు ఈ వేషం కట్టేవారట. అది తెలిసినప్పటి నుంచి కాస్త టెన్షన్‌గానే ఉంది.

రిహార్సల్ కాటి సీనుకి వచ్చిందంటే మాత్రం టీ తాగేవాళ్లు కూడా గ్లాసు కింద పెట్టేస్తారు. మా హరిశ్చంద్రుడు కుర్రాడు, గొంతు బాగుంది, కాకపోతే ప్రతి పాదానికీ రాగం తీస్తాడు. హార్మోనిస్టు గారు మెట్ల మీంచి చెయ్యి తీసేసి, "మాట వినపడాలయ్యా ముందు. రాగం పద్యం చివర తీసుకో, ఎంతసేపైనా పట్టుకుంటా" అన్నారు. అక్కడ నిజంగానే మాట వినపడాలి. కవి కలం నిప్పుల్లో కరిగిపోయిన చోటు, రాజుల అధికార ముద్రలు అంతరించిన చోటు ఇదేనని చెప్పే పద్యం అది.

డి.వి.సుబ్బారావు గారి గొంతులో ఈ పద్యాలు విని వన్స్‌మోర్ కొట్టినవాళ్లలో చాలామంది ఇవి బలిజేపల్లి వారివే అనుకుంటారు. కావు. గుర్రం జాషువా గారి 'శ్మశానవాటి' ఖండికలోవి. నాటకం కోసం రాసినవి కావు, నటులే తెచ్చి కాటి సీనులో కలుపుకున్నారు. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా, కులం పేరుతో పడరాని అవమానాలు పడ్డ మనిషి. మూకీ సినిమాల రోజుల్లో రాజమండ్రిలో తెర పక్కన నిలబడి కథ, సంభాషణలు చదివే ఉద్యోగం కూడా చేశారు. మాట జనం చెవిన ఎలా పడాలో ఆయనకి అక్కడే బాగా తెలిసిందేమోనని నాకనిపిస్తుంది.

అంటరానితనానికి ఇక్కడ తావే లేదని ఆయన శ్మశానం గురించి రాశారు. నాటకంలో ఆ మాట అనేది ఎవరు? వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి పని చేస్తున్న చక్రవర్తి! కావాలని రాయించుకున్నా ఇంత బాగా అతకదు.

నిన్న కరపత్రం ప్రూఫ్ వచ్చింది. రచన కింద బలిజేపల్లి వారి పేరొక్కటే ఉంది. "కాటి సీను పద్యాలు: గుర్రం జాషువా" అని పక్కన పెన్నుతో రాసి ప్రెస్సుకి తిప్పి పంపాను. ఒక లైను పెరిగితే రేటు పెరగదు కదా అని కమిటీ వాళ్లు రెండుసార్లు అడిగారు. పెరగదన్నాను.