చేపకళ్ల నీళ్లు

ఎస్వీ యూనివర్సిటీలో 1987 నుంచి 1989 దాకా ఎమ్మెస్సీ బోటనీ చదివాను. సంచికకు ఏదైనా రాయమనగానే లైబ్రరీ, గేటు బయట టీ అంగడి కలిసే గుర్తొచ్చాయి.

అంగడి అంటే ఒక తోపుడు బండి, బుస్సుమనే పంపు స్టవ్, మసిపట్టిన సత్తు గిన్నె. ల్యాబ్ అయ్యాక చేతులకు ఫార్మలిన్ వాసన పోకముందే అక్కడికి చేరేవాళ్లం. "ఏం సామీ, అల్లం దంచేదా?" అనేవాడు అన్న. అప్పటికే ముక్క రాతి మీద పెట్టేసి ఉండేవాడు.

హాస్టల్లో నా గదిలో వరంగల్ మిత్రుడు ఉండేవాడు. వాడు చాయ్ అంటే మేం టీ అనేవాళ్లం. అసలు మాట ఏదో తేల్చుకుందామని లైబ్రరీకి వెళ్లాం. తీరా చూస్తే రెండూ చైనావే. ఫూజియన్ తీరంలో తే అంటారు. డచ్చి వర్తకుల ఓడల్లో అది యూరప్ చేరి టీ అయింది. చైనాలో చాలా చోట్ల చా అంటారు. అది నేల దారిన పర్షియా వైపు వెళ్లి చాయ్ అయింది. మన తేయాకులో తే కూడా ఆ తీరానిదే. ఆ రోజు నుంచి టీ మీద ఏది కనబడినా చదివాను.

గ్రీన్ టీ, మామూలు టీ ఒకే మొక్కవని చదివినప్పుడు బోటనీ చదువుతున్నందుకు భలే సంతోషం వేసింది. కోసిన ఆకుకు వెంటనే వేడి తగిలిస్తే పచ్చగా ఉంటుంది. నలిపి గాలికి వదిలితే ఎంజైములు పని చేసి నల్లబడుతుంది. కోసి పెట్టిన వంకాయ నల్లబడేదీ ఇలాగే. 1930లలో అస్సాంలో వచ్చిన సీటీసీ యంత్రం ఆకును నలిపి, చింపి, గుళికలుగా చుడుతుంది. అన్న చెంచాడు పొడి వేయగానే నీళ్లకు రంగు దిగేది అందుకే.

అన్నిటికంటే నన్ను పట్టేసింది లూ యూ. ఎనిమిదో శతాబ్దపు చైనా మనిషి. టీ మీద మనకు దొరికిన మొట్టమొదటి పుస్తకం ఆయనదే. నీళ్లు మూడు దశల్లో మరుగుతాయంటాడు. మొదట చేపకళ్లంత బుడగలు, సన్నటి చప్పుడు. తర్వాత గిన్నె అంచుల వెంట ముత్యాల సరాల్లా బుడగలు. ఆ తర్వాత అలలు. ఉప్పు మొదటి దశలో, టీ పొడి రెండో దశలో. అలలు లేచాక ఇంకా మరిగిస్తే ఆ నీళ్లు తాగడానికి పనికిరావట! అల్లం, పుదీనా వేసి కాచినదాన్ని ఆయన మురుగునీళ్ల కింద జమకట్టాడు. అది మాత్రం నేను ఒప్పుకోను. మన పాల టీకి అల్లం ఘాటు ఉండాల్సిందే.

ఇదంతా అన్నకు చెప్పాను. ఏమీ అనలేదు. స్టవ్ మంట తగ్గించి, గిన్నె మీదికి వంగి చాలాసేపు చూశాడు. నేనూ వంగాను. అడుగున చిన్న చిన్న కళ్లు, తెల్లగా, ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. రోజూ చూస్తున్న గిన్నే, ఎన్నడూ చూడలేదు.

మరుసటి సాయంత్రం రోడ్డు దాటుతుండగానే అన్న కేక వినబడింది: "బిరీన రా సామీ, చేపకళ్లు వచ్చినాయి!"