రోడ్ల జాబితా, డ్రైనేజీ జాబితా, మధ్యలో నేను

ఈ ఏడాది రోడ్లు, డ్రైనేజీ, ఫుట్‌పాత్‌ల నిర్వహణ ప్రణాళికకు నిన్ననే ఆమోదం దొరికింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను, చల్లారితే మర్యాదగా రాస్తానేమోనని భయం.

రోడ్ల సర్వే ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది. ప్రతి రోడ్డునూ ముక్కలుగా విడగొట్టి పగుళ్లు, కుంగుళ్లు, లేచిపోయిన కంకర చూసి 0 నుంచి 100 దాకా మార్కులు వేస్తాం. 100 అంటే కొత్త రోడ్డు.

ఫుట్‌పాత్‌లు ఇంకా తేలిక. చెట్ల వేర్లు పలకల్ని ఎక్కడ ఎత్తేశాయో స్కేలు పెట్టి కొలవడమే. కొద్దిగా లేచిన అంచును అరగదీస్తే చాలు, పలక మార్చక్కర్లేదు. కాకపోతే ఈ సర్వేకి కారులో తిరిగేవాళ్లని పంపకండి. చక్రాల కుర్చీలో తిరిగే మనిషిని ఒక్క వీధి వెంట తీసుకెళ్తే చాలు, మా వాళ్లు నెలల తరబడి చూడనివన్నీ ఆయన చూపిస్తాడు.

"ఘోరంగా ఉన్న రోడ్డు వదిలేసి బాగున్నదానికి పని పెడతారేంటి?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. 20 మార్కుల రోడ్డుని ఎలాగూ పునాది నుంచి తీసి మళ్లీ వేయాలి, ఇంకో ఏడాది ఆగినా చేసే పని అదే. 70 మార్కుల రోడ్డుకి ఇప్పుడు పగుళ్లు పూడ్చి పైన పలచటి పొర వేస్తే నిలబడుతుంది. వదిలేస్తే నీళ్లు దిగి అడుగు మెత్తబడుతుంది, అదీ 20లోకి జారుతుంది. బస్సులు తిరిగే దారి ఇంకా తొందరగా జారుతుంది. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి జరిగే నష్టం దాదాపు 16 రెట్లని 1950ల చివర్లో అమెరికాలోని ఇలినాయ్‌లో లారీలు తిప్పి చేసిన పరీక్షల నుంచి లెక్క తేల్చారు. ఈ ముక్క చెప్తే సాధారణంగా అందరూ ఊరుకుంటారు.

నా పరువు తీసింది ఇవేవీ కావు, డ్రైనేజీ.

బాగుచేయాల్సిన రోడ్ల జాబితా వేయకముందే డ్రైనేజీ విభాగానికి లెటర్ పెట్టాను, ఈ ఏడాది ఏ వీధులు తవ్వుతారో చెప్పండని. జవాబు లేదు. ఫోన్ చేస్తే "కెమెరా సర్వే నడుస్తోంది సార్, పంపిస్తాం" అన్నారు. మళ్లీ లెటర్, మళ్లీ అదే మాట. సరే, గడువు దగ్గర పడుతోందని నా జాబితా నేను కమిటీలో పెట్టాను.

పెద్ద వీధి ఒకటి తెర మీదకి రాగానే డ్రైనేజీ ఇన్‌చార్జి గారు లేచి, "దీని మీద ఒక వీడియో ఉంది" అన్నారు. పైపు లోపల కెమెరా మెల్లగా జరుగుతోంది. అడుగు భాగం నున్నగా ఉంది. పైకప్పు మాత్రం సిమెంటు రాలిపోయి కంకర, తుప్పు పట్టిన ఇనుప ఊచలు బయటపడి ఉన్నాయి. మురుగు నుంచి వచ్చే వాయువు నీటిమట్టానికి పైన తడిగోడల మీద యాసిడ్‌గా మారి కాంక్రీటుని తినేస్తుంది, అందుకే పైకప్పే ముందు పోతుంది. 1 నుంచి 5 దాకా ఉండే గ్రేడుల్లో అది 5, అంటే అన్నిటికన్నా ఘోరం. చైర్మన్ గారు నా వైపు తిరిగి, "కింద పైపు కూలేట్టుంటే పైన తారు పోస్తానంటారేంటండీ?" అన్నారు. గదంతా నవ్వింది. లెటర్ల కాపీలు ఫైల్లోంచి తీసేలోపే తర్వాతి అంశానికి వెళ్లిపోయారు.

వీడియో సిద్ధంగా ఉన్నప్పుడు జాబితా ఎందుకు సిద్ధంగా లేదు? ఇప్పటికీ నాకు జవాబు చెప్పినవాళ్లు లేరు.

ఆ తర్వాత జాబితా వచ్చింది, అదో శిక్ష. మేం రోడ్డుని కూడలి నుంచి కూడలి దాకా లెక్కేస్తాం. వాళ్లు మ్యాన్‌హోల్ నంబరు నుంచి మ్యాన్‌హోల్ నంబరు దాకా రాస్తారు, వీధి పేరే ఉండదు. వాళ్ల ఒక్క పైపు ముక్క మా రెండు మూడు రోడ్డు ముక్కల కింద నుంచి పోతుంది. కొన్ని మ్యాన్‌హోళ్లు మ్యాపులో ఉన్నాయి, వీధిలో లేవు. మెటల్ డిటెక్టర్ పెట్టి వెతికితే తారు కింద మూతలు దొరికాయి. ఆ తారు పోసింది మీ విభాగమే అన్నారు వాళ్లు. నేను ఈ కుర్చీలోకి రాకముందు సంగతి అది.

రాత్రిళ్లు కూర్చుని రెండింటినీ ఒకే మ్యాపు మీదికి ఎక్కించాను. మా ఆఫీసులో ఇంతకుముందు ఎవరూ చేయని పని ఇది, నేనే చెప్పుకోవాలి కాబట్టి చెప్పుకుంటున్నాను. ఇప్పుడు ఏ వీధి నొక్కినా పైన రోడ్డు మార్కులు, కింద పైపు గ్రేడు పక్కపక్కనే కనిపిస్తాయి.

వరుస మొత్తం మారింది. ఆకారం చెడని పైపులకి తవ్వకుండా లోపలే లైనింగ్ వేస్తారు. రెజిన్‌లో తడిపిన గొట్టాన్ని లోపలికి పంపి వేడితో గట్టిపరిచే ఈ పద్ధతి 1971లో లండన్‌లో మొదలైంది. కూలిన చోట తవ్వక తప్పదు. అక్కడ మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస చేస్తే తప్ప తారు పోయనని టెండర్లోనే రాయించాను. ఒకేసారి నింపేస్తే ఒక్క వానకే కుంగుతుంది, తిట్లు మాత్రం రోడ్ల విభాగానికి. ఆ పెద్ద వీధి రోడ్డు పని పైపు పూర్తయ్యాకే.

వచ్చే ఏడాది డ్రైనేజీ జాబితా అడుగుతూ ఈ పొద్దున్నే లెటర్ పంపాను, కాపీ చైర్మన్ గారికి కూడా.